కింద కూర్చునే పదిమంది

ఆచార్య త్రినాథంగారికి ఆ రోజు సదస్సులో సోఫా ఇచ్చారు. ముందు వరుసలో, సరిగ్గా ఫ్యాను కింద, ఉతికిన తెల్లదుప్పటి పరిచిన సోఫా. మామూలు మనిషయితే అందులో చేరగిలబడి, ఉపన్యాసాలు మొదలవగానే హాయిగా ఒక కునుకు తీసేవాడు. త్రినాథంగారు ఆచార్యులు కాబట్టి వేదిక మీదున్న ప్లాస్టిక్ కుర్చీల వైపు చూసి కుమిలిపోయారు. ఆ కుర్చీల్లో ఒకదాంట్లో ఆచార్య పూర్ణానందంగారు కూర్చుని ఉన్నారు. పూర్ణానందంగారు ఆచార్యులైంది త్రినాథంగారి తరవాత పదకొండు రోజులకి.

ఆ పదకొండు రోజులే విశ్వవిద్యాలయం కొంప ముంచాయి.

త్రినాథంగారు ఉపకులపతికి పద్నాలుగు పేజీల లేఖ రాశారు. ఉపకులపతి విచారణ సంఘం వేశారు. సంఘంవారు వేదికల స్థితిగతులను అధ్యయనం చేయడానికి మూడు రాష్ట్రాలు తిరిగారు, కనబడ్డ వేదికనల్లా ఎక్కి దిగారు, ఎక్కిన ప్రతిచోటా శాలువా కప్పించుకున్నారు. ఆరునెలల తరవాత రెండువందల పేజీల నివేదిక ఇచ్చారు. దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేక చివరి పేజీలో ఉన్న సిఫార్సును ఉన్నదున్నట్టు ఉత్తర్వుగా విడుదల చేశారు.

"వేదికపై ఏ హోదా గలవారు ఒక్కరు ఆసీనులైనను, ఆ హోదా గలవారందరును వేదికపైనే ఆసీనులు కావలెను. ఇందుకు భిన్నముగా ఎవరిని కింద కూర్చుండబెట్టినను, అది వారిని అవమానించినట్లుగా పరిగణింపబడును."

చదివినవాళ్లందరూ న్యాయంగానే ఉందన్నారు. తెలుగుశాఖలో పరిశోధక విద్యార్థిని పొట్నూరు ఇందుమతి కూడా అలాగే అనుకుంది. పెద్దవాళ్ల కుర్చీల గొడవ పెద్దవాళ్లది, తనకేం సంబంధం అనుకుంది పిచ్చిపిల్ల.

ఇందుమతి ఆరేళ్లుగా ఒకే పని మీద ఉంది. విశ్వవిద్యాలయానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, సముద్రపు పాయ పక్కన ఉప్పు మళ్లున్నాయి. ఆ మళ్లలో పనిచేసే ఆడవాళ్ల పాటల మీద ఆమె పరిశోధన. బస్సు దిగి మూడు మైళ్లు నడిచి, ఎండలో కమిలి, పన్నెండు నోటు పుస్తకాలు నింపింది. సిద్ధాంత గ్రంథం రాయడం కూడా అయిపోయింది. మిగిలింది ఒక్కటే. గ్రంథం సమర్పించే ముందు రెండు జాతీయ సదస్సుల్లో పత్రం చదివినట్టు ధ్రువపత్రాలుండాలి. ఒకటి ఉంది. రెండోది జూన్ ముప్పయ్యో తేదీలోగా రాకపోతే ఆమె నమోదు రద్దయిపోతుంది. ఆరేళ్ల చాకిరీ ఒక ఎత్తు, ఆ ఒక్క కాగితం ఒక ఎత్తు.

కొత్త ఉత్తర్వు వచ్చాక మొదటి సదస్సు ఫిబ్రవరిలో జరిగింది. ఇందుమతి ఉదయం తొమ్మిదింటికే పత్రం పట్టుకుని వచ్చింది.

ముందుగా ఆచార్యులు పదహారుమంది వేదిక ఎక్కారు. త్రినాథంగారు అందరికన్నా ముందు ఎక్కి నడిమి కుర్చీలో కూర్చున్నారు. సదస్సు సంచాలకుడు సహాచార్యుడు. ఆయన ఎక్కకపోతే సదస్సు లేదు. ఆయన ఎక్కగానే సహాచార్యులు ముప్పైమందీ ఎక్కారు. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత సహాయాచార్యుడు కాబట్టి సహాయాచార్యులు బిలబిలమంటూ వచ్చారు. వందన సమర్పణ చేయాల్సింది ఒక పరిశోధక విద్యార్థి. దానితో ఇందుమతితో సహా పరిశోధకులందరూ పైకి పోవలసి వచ్చింది. ప్రార్థనాగీతం పాడడానికి ఎం.ఏ. చదివే అమ్మాయి ఒకతె ఎక్కితే ఆ వెనకే ఎం.ఏ.లంతా ఎక్కారు. చివరికి అటెండరు కూర్మారావు మంచినీళ్ల సీసాలు బల్ల మీద పెట్టి దిగబోతుంటే, అటెండర్ల సంఘం కార్యదర్శి కింది నుంచి కేకేశాడు.

"ఒరే కూర్మీ, దిగకు! నువ్వు అక్కడుంటే మాకూ అక్కు ఉన్నాది!"

అటెండర్లు పదిహేనుమంది కూడా ఎక్కారు. లెక్కపెడితే వేదిక మీద రెండువందల పన్నెండుమంది తేలారు. హాల్లో నాలుగువందల కుర్చీలు, నాలుగు స్తంభాలు మిగిలాయి. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, ఏమాత్రం తడుముకోకుండా, "సభలో ఆసీనులైన సాహితీప్రియులకు నమస్సుమాంజలి" అని ఆ కుర్చీలకు దండం పెట్టాడు.

తరవాత పరిచయాలు. వేదికనలంకరించిన ప్రతివారినీ సభకు పరిచయం చేయాలి. ఆ పైన ప్రతివారికీ శాలువా కప్పాలి. కప్పడానికి కింద ఎవరూ లేరు కనక ఒకరికొకరు కప్పుకున్నారు. మధ్యాహ్న భోజనం వేదిక మీదకే తెప్పించారు, దిగితే మళ్లీ అదే వరుసలో ఎక్కలేమేమోనని. సాయంత్రం అయిదు నలభైకి రెండువందల పన్నెండో శాలువా పడింది. పడింది కూర్మారావు భుజాల మీద. "సమయాభావం వల్ల పత్ర సమర్పణలు జరిగినట్లుగా భావించి" జాతీయగీతం పాడేశారు.

ఇందుమతి చేతిలో పత్రం చెమటకి తడిసిపోయింది.

ఆ సదస్సు ఫొటోలు విద్యా ప్రమాణాల మండలికి వెళ్లాయి. మండలివారు ఫొటోలు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "సభికులెక్కడ?" అని ఒక్క ముక్క రాశారు. దానితో ఆ సదస్సు ధ్రువపత్రాలన్నీ చెల్లకుండా పోయాయి. రిజిస్ట్రారుగారికి ముచ్చెమటలు పోశాయి. వెంటనే రెండో ఉత్తర్వు పుట్టింది.

"పఠింపబడు ప్రతి పత్రమునకును కనీసము పదిమంది సభికులుండవలెను. సభికులనగా వేదిక కింద ఆసీనులై వినువారు. వేదికపై ఉన్నవారు వినుచున్నట్లుగా పరిగణింపబడరు."

ఆ చివరి వాక్యం మాత్రం విశ్వవిద్యాలయం పుట్టాక రాసిన ఉత్తర్వులన్నింటిలో నిజానికి అత్యంత దగ్గరగా ఉన్నదని చెప్పాలి.

మొదటి ఉత్తర్వును రద్దు చేద్దామా అంటే త్రినాథంగారు ఊరుకోరు. రెండోదాన్ని రద్దు చేద్దామా అంటే మండలి ఊరుకోదు. అందుకని రెండూ అమల్లో ఉంచారు. హోదా ఉన్నవాళ్లు కింద కూర్చోకూడదు, కింద కనీసం పదిమంది కూర్చోవాలి. ఇందుమతికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది.

ఆమె తన మార్గదర్శకులైన పూర్ణానందంగారి గదికి వెళ్లింది. పదకొండు రోజులు చిన్నవాడైన నేరానికి ఈ రాద్ధాంతమంతటికీ కారకుడైన మనిషాయన. అప్పటికి కొంచెం బరువెక్కారు, ముఖ్యంగా శాలువాలతో. గదిలో బీరువా చాలక కిటికీ అద్దాలకి కూడా శాలువాలే తెరలుగా కట్టుకున్నారు.

"సార్, జూన్ సదస్సే నాకు ఆఖరిది. పదిమంది వినకపోతే చదివినట్టు లెక్క కాదంటున్నారు. ఎవర్ని కూర్చోబెట్టను సార్?"

"చూడు తల్లీ, సమర్పణ పరిశోధకుని ధర్మం. శ్రవణం సమాజం బాధ్యత. సమాజం బాధ్యతకి నేనెలా పూచీ పడతాను?"

"పోనీ మా స్నేహితులు ఒక పూట కింద కూర్చుంటామంటున్నారండి."

"అమ్మో! వేదికా విరమణ అనుమతి లేకుండానా?" పూర్ణానందంగారు కళ్లజోడు తీసేశారు. "దానికి సంఘం ఉంది. ఏడాదికొకసారి సమావేశమవుతుంది. ఈ ఏడాది సమావేశం అయిపోయింది. అయినా అందులో సగం సేపు ఆ సంఘంవాళ్లు ఏ వేదిక మీద కూర్చోవాలన్న చర్చే జరిగింది."

ఇందుమతి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నిజంగానే ఏడుపొచ్చింది. కూర్మారావు టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో మెట్ల మీద ఏడ్చే పరిశోధకుల్ని చాలామందిని చూసిన మనిషి.

"ఊరుకోండమ్మా. ఇక్కడ ఎతికి నాబం నేదు. ఈ యూనివర్సిటీలో ఒట్టి మనుసులు నేరు. ప్రెతోడికీ ఏదో ఒక ఓదా ఉన్నాది. నాకే ఉన్నాది, సూడండి."

"మరి ఏం చెయ్యమంటారు?"

"బయట్నుంచి ఒట్టి మనుసుల్ని తెచ్చుకోండి. మీకు తెలిసినోలు పదిమంది నేరేటి?"

ఇందుమతికి తెలిసినవాళ్లున్నారు. ఆరేళ్లుగా వాళ్ల పాటలే రాసుకుంటోంది.

జూన్ మూడోవారంలో మొదటి వానలు పడ్డాయి. వాన పడితే ఉప్పు కరిగిపోతుంది, ఇక మళ్లలో పనుండదు. ఉన్న ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పుకుని ఆడవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉన్నారు. ఇందుమతి దాలమ్మ గుమ్మంలోకి వెళ్లేసరికి ఆవిడ అరుగు మీద చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. డెబ్భై ఏళ్లు పైబడ్డ మనిషి. పన్నెండు నోటు పుస్తకాల్లో ఏడు ఆవిడ గొంతు నుంచి వచ్చినవే.

"యూనివర్సిటీకి రావాలి మామ్మా. పదిమంది కావాలి."

"పాడాలేటి?"

"పాడక్కర్లేదు. కూర్చుంటే చాలు."

"కూకోడమా!" దాలమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మ! మాకు కూకోడం సేతకాదు పాపా. పదేళ్లప్పుడు పార పట్టినాను, ఇంతవరకూ కూకోమన్నోడు నేడు. సరే, కూకొని ఏటి సెయ్యాల?"

"నేను మీ పాటల గురించి రాసింది చదువుతాను. వినాలి."

దాలమ్మ చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది. "ఆరేల్ల నుంచి రాసుకుపోతన్నావు. ఏటి రాసినావో ఒక్కసారీ సెప్పనేదు. పద, వొస్తాం."

సదస్సు జూన్ ఇరవై తొమ్మిదిన. "ఉప్పు – ఊపిరి – ఉత్సవం: తీరాంధ్ర శ్రామిక గేయాల పునర్మూల్యాంకనంపై పునరాలోచన" అని గేటు నుంచి హాలు దాకా బ్యానర్లు కట్టారు. ఈలోగా వడ్రంగుల్ని పిలిపించి వేదికను పెంచారు. ముందున్న పదిహేను వరుసల కుర్చీల్ని లేపేసి, అంతమేరా చెక్కలు పరిచారు. కింద ఇప్పుడు రెండే వరుసలున్నాయి. గోడ పక్కన, కిటికీ దగ్గర, మొదటి వరుసలో పదిమంది ఉప్పు పని ఆడవాళ్లు తలంటుకుని, ఉతికిన చీరలు కట్టుకుని కూర్చున్నారు. వేదిక మీద నుంచి రెండువందల పన్నెండుమంది వాళ్లనే చూస్తున్నారు. వేదిక మీదున్నవాళ్లకి కింద మనుషులు కనబడి చాలాకాలమైంది.

ఉపకులపతిగారు జ్యోతి వెలిగించి మైకు అందుకున్నారు. మట్టి గురించి, మూలాల గురించి, మట్టిలోని మూలాల గురించి నలభై నిమిషాలు మాట్లాడాక, ఆయన చూపు మొదటి వరుస మీద పడింది. పక్కకి వంగి ఎవరని అడిగారు.

"వారే సార్, ఉప్పు కార్మికులు," అన్నారు పూర్ణానందంగారు. "సదస్సుకి విషయం వారే."

ఉపకులపతిగారి గొంతు గద్గదమైపోయింది. "మిత్రులారా! ఎవరి చెమటను గురించి మనం సదస్సు జరుపుకుంటున్నామో వారు కిందా, మనం పైనా! ఇది చారిత్రక తప్పిదం. ఆ శ్రమజీవులలో ఒక్కరినైనా వేదిక మీదకు సగౌరవంగా ఆహ్వానిస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. ఇందుమతి ఒద్దు, ఒద్దు అని చేతులూపుతూ లేచింది. రెండువందల పన్నెండు మంది చప్పట్ల మధ్య ఆమె చేతులు కూడా చప్పట్లలాగే కనబడ్డాయి.

చివర కూర్చున్న పైడమ్మ సిగ్గుపడుతూ ఎక్కింది. ఆవిడ పాదం చెక్క మీద పడీ పడగానే రిజిస్ట్రారుగారు ఉత్తర్వు కాపీ తీశారు. "ఒక ఉప్పు కార్మికురాలు ఆసీనులైనందున, ఆ హోదా గలవారందరూ వేదికపైకి దయచేయవలసిందిగా కోరుతున్నాం." అరవై ఏళ్లుగా ఎవరూ గుర్తించని హోదా ఒక్క క్షణంలో వచ్చేసింది. ఒకరి తరవాత ఒకరు ఎక్కారు. తొమ్మిది శాలువాలు పడ్డాయి.

దాలమ్మ మాత్రం కదల్లేదు.

"రండి తల్లీ, రండి!" ఉపకులపతిగారు స్వయంగా చెయ్యి చాచారు.

"నానెక్కను బాబూ."

"సంకోచించకండి. ఇది మీ హక్కు!"

"అక్కో గిక్కో నాకు తెల్దు. నానినడానికొచ్చినాను. అక్కడ కూకుంటే ఇనబడదు కదా? మీకెవులికైనా ఇనబడతందేటి?"

రిజిస్ట్రారుగారు ఉత్తర్వును మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు. ఎక్కమన్నా ఎక్కని మనిషి ఒకరు ఉంటారని రాసినవాళ్లకి తట్టలేదు. కార్యక్రమం ముందుకు సాగింది.

అయిదుంపావుకి, సమయాభావం మొదలవబోతుండగా, ఇందుమతి, ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరికి వెళ్లి నిలబడింది. పదిమందీ లేరని ఆమెకు తెలుసు. ఒక్కరున్నారు. ఆరేళ్లుగా రాసింది ఒక్కరికైనా వినిపించకపోతే తనకి పిచ్చెక్కుతుందనిపించింది. వెనక పళ్లేల చప్పుడు, ఫోన్ల మాటలు, రైలు టైముల గురించిన వాకబులు సాగుతూనే ఉన్నాయి. ఆమె దాలమ్మ ముఖం చూస్తూ చదవడం మొదలుపెట్టింది.

"'పారెత్తు వొదినా పారెత్తు, పొద్దింక ఉన్నాది పారెత్తు' అనే ఈ గేయం శ్రామిక స్త్రీల అపారమైన శ్రమోత్సాహానికి నిదర్శనం. పొద్దు ఉండగానే మరింత పని చేయాలన్న తపన, శ్రమలో ఆనందం వెతుక్కునే సామూహిక చైతన్యం ఇందులో..."

"తప్పు," అంది దాలమ్మ.

వేదిక మీద టీ కప్పు ఒకటి సాసరులో ఆగిపోయింది.

"సందేహాలు చివర్లో అడగాలమ్మా," అన్నారు అధ్యక్షస్థానంలో ఉన్న త్రినాథంగారు. చివర్లో కూడా ఎవరూ ఏనాడూ అడగలేదన్న సంగతి ఆయనకు తెలుసు.

"అప్పటికి మర్సిపోతాను బాబూ. ఓ పాపా, ఎండలో ఉప్పు లాగినోలకి ఆనందమేటి? కాల్లు పుండ్లు పడిపోతాయి. మేస్త్రీ అటెల్లగానే అందరం గట్టు మీద కూకుండిపోతాం. ఒకత్తి మాత్రం కాపలా కాత్తాది. మేస్త్రీ ఇటొత్తన్నాడని అగుపిస్తే ఆ పాటెత్తుకుంటాది. గబాల్న లెగిసి పారలు పట్టీసుకుంటాం. అదీ పాట. పని సెయ్యమని కాదు, పని సేత్తన్నట్టు అగుపడమని."

పైనున్న తొమ్మిదిమంది శాలువాల్లో నోళ్లు దాచుకుని కిసుక్కున నవ్వారు.

"మరి... నాకెప్పుడూ చెప్పలేదేం మామ్మా?" అంది ఇందుమతి.

"పాట పాడమన్నావు, పాడినాను. ఎప్పుడు పాడతారని అడగనేదు కదా. నువ్వొచ్చింది ఎప్పుడూ సాయంత్రాలు, మా ఇంటి అరుగు మీదికి. మడిలోకి ఒక్కనాడూ దిగనేదు."

ఇందుమతికి తల కొట్టేసినట్టయింది. అయినా పెన్ను తీసి పత్రం అంచున ఆవిడ చెప్పిన మాటలన్నీ రాసుకుంది. నాలుగో అధ్యాయం కూలిపోయింది. అందులోంచే ఇంకో మంచి అధ్యాయం లేస్తుందని కూడా ఆ నిలబడ్డ చోటే తెలిసింది. ఆరేళ్లలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ పడలేదు. పరిశోధనంటే ఇదీ అనుకుంది.

మర్నాడు జూన్ ముప్పయ్యి. ధ్రువపత్రం కోసం రిజిస్ట్రారుగారి కార్యాలయానికి వెళితే ఆమెకొక కాగితం ఇచ్చారు. అందులో ఇలా ఉంది: "సభికులు పదిమందికి గాను ఒక్కరు మాత్రమే ఉన్నందున, శ్రీమతి/కుమారి పి. ఇందుమతి తమ పత్రమును పదింట ఒక వంతు సమర్పించినట్లుగా ధ్రువీకరించడమైనది."

"మిగతా తొమ్మిది వంతులు?" అంది ఇందుమతి.

"మరి తొమ్మిది సదస్సులలో ఇదే పత్రమును ఒక్కొక్క సభికుని సమక్షమున చదివినచో సంపూర్ణమగును," అన్నారు రిజిస్ట్రారుగారు. మాట్లాడేటప్పుడు కూడా ఆయన ఉత్తర్వుల్లోనే మాట్లాడతారు.

"సార్, నా నమోదు ఈ రోజుతో రద్దవుతుంది. నిన్న నలభైమంది పరిశోధకులం ఉన్నాం. మిగతావాళ్లందరికీ పూర్తి ధ్రువపత్రాలు ఇచ్చారు కదా! వాళ్లు అసలు చదవనే లేదు."

"అదే కదా తేడా. చదవని పత్రమునకు సభికుల ప్రసక్తి ఉత్పన్నము కాదు. వారి ధ్రువపత్రములు వారం క్రితమే ముద్రితమైనవి. మీదియు ముద్రితమైనది. మీరు చదువుట చేత అది చెల్లకుండా పోయినది."

పక్కనే కూర్చున్న పూర్ణానందంగారు జాలిగా తలాడించారు. "నాతో ఒక్క మాటంటే చెప్పేవాణ్ణి కదా తల్లీ, చదవొద్దని."

అయితే విశ్వవిద్యాలయం మరీ అంత దయలేనిది కాదు. రిజిస్ట్రారుగారు సొరుగు లాగి ఇంకో కాగితం తీశారు. దాని మీద సంతకం పెడితే పూర్తి ధ్రువపత్రం ఇచ్చేస్తారు. "నా పత్రమును నేను చదవలేదనియు, దానిని ఎవరును వినలేదనియు, దానిపై ఎట్టి ప్రశ్నయు ఉత్పన్నము కాలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."

"మరి నాలుగో అధ్యాయం మార్చాలి సార్," ఇందుమతి తన గురువు వైపు తిరిగింది. "అందులో తప్పు..."

"ఎవరన్నారు తప్పని? ఎవరూ వినలేదుగా," అన్నారు పూర్ణానందంగారు మృదువుగా. "మారిస్తే మళ్లీ ఆమోదం, మళ్లీ సంఘం. నాలుగున్నరైంది. అయిదింటికి కౌంటరు మూసేస్తారు."

ఇందుమతి కుర్చీలోంచి లేచింది. మళ్లీ కూర్చుంది. ఆరేళ్లు కళ్ల ముందు తిరిగాయి. నాన్న అడిగే "ఇంకెన్నాళ్లే?" చెవిలో మోగింది. నాలుగు నలభై ఎనిమిదికి పెన్ను తీసింది. ముందురోజు దాలమ్మ మాటలు రాసుకున్న పెన్నే అది. దానితోనే సంతకం పెట్టింది. సిగ్గుతో ముఖం మండిపోయింది, ఆ మంట హాస్టలుకి వెళ్లి చన్నీళ్లతో కడుక్కున్నా తగ్గలేదు.

ఆ తరవాత అన్నీ చకచకా జరిగిపోయాయి. పరీక్షకులు గ్రంథాన్ని తెగ మెచ్చుకున్నారు, అందులోనూ నాలుగో అధ్యాయాన్ని. "శ్రమోత్సాహ భావన అపూర్వం" అని రాశారు. డాక్టరు ఇందుమతి మరుసటి ఏడాదికి అదే శాఖలో సహాయాచార్యురాలైంది.

దాలమ్మకి కూడా విశ్వవిద్యాలయంలో పని దొరికింది. ఒక్కరైనా కింద ఉన్న ఫొటో చూసి మండలివారు ఎంతో సంతోషించారు. పదిమందీ ఉంటే ఇంకా బాగుంటుందన్నారు. దానితో ఆ పదిమంది ఆడవాళ్లనీ వానాకాలానికి శాశ్వత తాత్కాలిక సభికులుగా నియమించారు. మళ్లీ ఎవరైనా ఉద్రేకపడి పైకి పిలవకుండా, ఒప్పందంలో "వీరికి ఎట్టి హోదాయు లేదు" అని కింద గీత గీసి మరీ రాయించారు. నియామకం రోజున దాలమ్మ, ఇందుమతిని వరండాలో ఆపింది.

"నాను సెప్పింది పుస్తకంలో ఎట్టినావా పాపా?"

"ఆఁ," అంది ఇందుమతి, చేతి గడియారం చూసుకుంటూ.

ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది ఆగస్టులో సదస్సు జరిగింది. డాక్టరు ఇందుమతి మొదటిసారి సహాయాచార్యుల వరుసలో, శాలువా కప్పుకుని కూర్చుంది. కింద పదిమంది ఉన్నారు కాబట్టి చదవడానికి ఇప్పుడు ఏ అడ్డంకీ లేదు. అయినా చదివి లేనిపోని చిక్కులు తెచ్చుకోవడం ఎందుకని ఎవరూ చదవడం లేదు. వేదిక మీదున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. కొందరు కునుకు తీస్తున్నారు. త్రినాథంగారు నడిమి కుర్చీలో చిన్నగా గురక పెడుతున్నారు. ఇందుమతి కూడా ఫోను తీసి, పెరిగిన జీతానికి ఎక్కడ ఇల్లు దొరుకుతుందో వెతుక్కుంటోంది.

దాలమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో చింతపండు పిక్కలు తీసుకుంటోంది. కిటికీలోంచి పోర్టికో కనబడుతుంది. అక్కడికి తెల్లకారొకటి వచ్చి ఆగింది. మండలివాళ్లు ముగ్గురు, వాళ్లతో ఉపకులపతి దిగారు.

దాలమ్మ తల తిప్పకుండానే, పని ఆపకుండానే సన్నగా పాటెత్తుకుంది.

"పారెత్తు వొదినా పారెత్తు..."

పక్కనున్న తొమ్మిదిమందీ గొంతు కలిపారు. తలుపు దగ్గర నుంచుని తొంగి చూసిన కూర్మారావు కూడా అందుకున్నాడు. వేదిక మీద ఒక్కసారి కలకలం రేగింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. శాలువాలు సర్దుకున్నాయి. త్రినాథంగారు ఉలిక్కిపడి లేచి, ముందున్న కాగితం అందుకుని శ్రద్ధగా చూడసాగారు, తలకిందులుగా. రెండువందలమందికి పైగా మేధావులు వెన్ను నిటారుగా పెట్టి, కనుబొమలు ముడిచి, ఎవరూ చదవని పత్రాన్ని వింటున్నట్టు ముందుకు వంగారు.

డాక్టరు ఇందుమతి కూడా వంగింది. ఫోను చీర కుచ్చిళ్లలో దాచి, పెన్ను తీసి, ఏదో రాసుకుంటున్నట్టు తల పంకించింది. చేతులు వాటంతట అవే ఆ పని చేసేశాయి.

అప్పుడు కింది నుంచి దాలమ్మ ఆమె వైపు చూసింది. చూసి బోసినోటితో నవ్వింది.

"ఇప్పుడు తెలిసినాదా పాపా," అంది, "ఆ పాట ఎప్పుడు పాడతారో?"